పాలకు వెన్న, చెరుకుకు రికవరీ... మిర్చికి మాత్రం కంటిచూపేనా?

2023-24లో మన దేశం 6.01 లక్షల టన్నుల మిర్చి ఎగుమతి చేసి సుమారు 150 కోట్ల డాలర్లు సంపాదించింది. మరుసటి ఏడాది 7.15 లక్షల టన్నులు పంపినా వచ్చింది 134 కోట్ల డాలర్లే. సరుకు 19 శాతం పెరిగితే రాబడి 11 శాతం తగ్గింది. కిలో లెక్కన చూస్తే దాదాపు రెండున్నర డాలర్ల నుంచి 1.87 డాలర్లకు, అంటే నాలుగో వంతు పడిపోయింది.

ఈ పతనం మహబూబాబాద్ జిల్లా పెద్దవంగర కల్లాల దాకా వచ్చింది. అక్కడి రైతుకు తొర్రూరు దగ్గరి ఊరు. అక్కడి నుంచి రాయపర్తి, వర్ధన్నపేట మీదుగా పోతే వరంగల్ ఏనుమాముల మార్కెట్, మరిపెడ మీదుగా పోతే ఖమ్మం. ఎటు పోయినా జెండా పాటకు తలవంచాల్సిందే. 2021 చివర్లో నల్ల తామర పురుగు తోటలను ఊడ్చేసింది. పంట తగ్గడంతో మరుసటి సీజన్లో ధర ఎగిసింది. ఆ ధర చూసి అందరూ మిర్చే వేశారు. 2025 ఆరంభానికి కోల్డ్ స్టోరేజీలు పాత సరుకుతో నిండిపోయి, కొత్త కాయకు కొనేవాళ్లు కరువయ్యారు. ఆ ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ మిర్చికి కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించింది. అది కూడా 2.91 లక్షల టన్నులకే.

ధర పడిన ప్రతిసారీ వినిపించే మాట ఒకటుంది: 'ఇక్కడే ప్రాసెసింగ్ పెట్టాలి.' మాట మంచిదే. అయితే ఏం ప్రాసెస్ చేయాలి, ప్రభుత్వం మొదటి రూపాయి ఎక్కడ పెట్టాలి అన్న దగ్గరే లెక్క తప్పుతోంది. ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేయడం కంటే ముందు చేయాల్సిన పని ఉందని నా నమ్మకం. మిర్చిలో ఏముందో కొలిచి, ఆ కొలతకు డబ్బు కట్టడం ఆ పని. ఎందుకో అంకెలతోనే చెప్తాను.

కాయ కాదు, కాయలోని రంగు

చిప్స్ ప్యాకెట్, సాస్ సీసా, సాసేజ్, లిప్‌స్టిక్ లాంటి వాటిలో ఎరుపు కోసం ప్రపంచం కృత్రిమ రంగుల నుంచి మొక్కల రంగుల వైపు జరుగుతోంది. ఐరోపాలో ఆహార పదార్థాల పట్టీలో ఇ160సి అని రాసి ఉంటే అది మిర్చి జాతి కాయల నుంచి తీసిన రంగు. దాన్ని తీసే తీరు ఇది: ఎండు కాయను తొడిమ, గింజ వేరు చేసి పొడి కొడతారు. ఆ పొడిని గుళికలుగా నొక్కి, వాటి మీదుగా హెక్సేన్ లాంటి ద్రావకాన్ని పారిస్తారు. రంగు, ఘాటు, నూనె ద్రావకంలోకి దిగుతాయి. తర్వాత ద్రావకాన్ని ఆవిరి చేసి తిరిగి పట్టుకుంటారు. చివరికి మిగిలే ముదురు ఎరుపు చిక్కటి ద్రవమే ఓలియోరెసిన్. పసుపు నుంచి కుర్కుమిన్, బంతి పూల నుంచి ల్యూటిన్ తీసే పద్ధతి కూడా దాదాపు ఇదే.

ఈ వ్యాపారం మన దేశంలో ఎక్కడ ఎదిగిందో చూడండి. సింథైట్ సంస్థ 1972లో కేరళలోని కోలెంచేరి దగ్గర మొదలైంది. ప్లాంట్ లిపిడ్స్ వంటి మరికొన్ని పెద్ద సంస్థలూ ఆ ఎర్నాకుళం ప్రాంతంలోనే ఉన్నాయి. ఎండుమిర్చి సాగులో కేరళ ఊసే ఉండదు. అక్కడ ఉన్నవి మిరియాలు, రేవు, మైసూరు సీఎఫ్‌టీఆర్‌ఐ లాంటి ప్రయోగశాలల్లో పుట్టిన పరిజ్ఞానం, దాన్ని పట్టుకున్న మనుషులు. మిర్చి మాత్రం మన దగ్గరి నుంచి పోతుంది. ఇంకో సంగతి. చైనాలోని హెబెయ్ రాష్ట్రానికి చెందిన చెంగ్వాంగ్ బయోటెక్ ప్రపంచంలో మిర్చి రంగు తీసే కంపెనీల్లో అతిపెద్దది. అది మన ఖమ్మం జిల్లాలో ప్లాంటు పెట్టుకుంది. కాయ ఎక్కడుందో వాళ్లు ముందే చూశారు. 2023-24లో మన మిర్చి ఎగుమతుల్లో 1.79 లక్షల టన్నులు, అంటే నూటికి 30 పాళ్లు, చైనాకే వెళ్లాయి. దానికి వచ్చింది 4,123 కోట్ల రూపాయలు.

ఒక క్వింటాలో ఎంత రంగు?

మిర్చి రంగును కొలిచే అంకెను 'ఆస్టా' అంటారు. అమెరికన్ స్పైస్ ట్రేడ్ అసోసియేషన్ పెట్టిన కొలత అది. ఓలియోరెసిన్‌ను 'కలర్ యూనిట్ల' లెక్కన అమ్ముతారు. ఒక ఆస్టాకు 40 కలర్ యూనిట్లు. మార్కెట్లో లక్ష యూనిట్ల సరుకు ఒక ప్రమాణం. లక్ష యూనిట్లంటే 2,500 ఆస్టా.

ఇప్పుడు ఆస్టా 125 ఉన్న క్వింటా మిర్చి తీసుకుందాం. 100ను 125తో గుణిస్తే 12,500. దాన్ని 2,500తో భాగిస్తే 5 కిలోలు. ప్లాంటు నూటికి 90 పాళ్లు పట్టుకోగలిగితే 4.5 కిలోల ఓలియోరెసిన్. అంటే కిలో సరుకుకు 22 కిలోల మిర్చి కావాలి. ఆస్టా 60 ఉన్న కాయైతే అదే క్వింటాలో 2.16 కిలోలే వస్తుంది, కిలోకు 46 కిలోల మిర్చి పడుతుంది. రెండు కాయలనూ కిలో 120 రూపాయలకే కొన్నారనుకోండి. మొదటి కాయతో కిలో ఓలియోరెసిన్‌కు ముడిసరుకు ఖర్చు సుమారు 2,670 రూపాయలు, రెండో కాయతో 5,550 రూపాయలు.

ఈ తేడా ఇప్పుడు ఎవరి జేబులోకి పోతోంది? ల్యాబ్ ఉన్నవాడి జేబులోకి. ఏనుమాములలో బస్తాలోంచి పిడికెడు కాయలు తీసి చూస్తారు. తాలు ఎంత ఉందో, తొక్క మెరుస్తోందో లేదో చూస్తారు, కాయ విరిచి చప్పుడు వింటారు. అనుభవం ఉన్న వ్యాపారి కంటిచూపును తక్కువ చేసి మాట్లాడను, అతను చాలాసార్లు సరిగ్గానే పసిగడతాడు. కానీ అతనికి తెలిసింది రైతుకు తెలియదు. తెలిసినా చేతిలో కాగితం లేనిదే రైతు నిలబడి అడగలేడు.

తేజ రకానికి ఈ లెక్క పూర్తిగా వర్తించదు, దాన్ని కొనేది ప్రధానంగా ఘాటు కోసం. అక్కడ కొలవాల్సింది కాప్సైసిన్. రంగు లెక్కకు ఓరుగల్లు ప్రాంతంలో ముందు గుర్తుకొచ్చేది చపాటా. టమాటా మిర్చి అని కూడా పిలిచే ఈ లావుపాటి కాయకు ఘాటు తక్కువ, ఎరుపు ఎక్కువ. తిమ్మంపేట మిర్చి రైతుల ఉత్పత్తిదారుల కంపెనీ దరఖాస్తుపై 2025లో దీనికి 'వరంగల్ చపాటా మిర్చి'గా భౌగోళిక గుర్తింపు దక్కింది. దరఖాస్తుకు తోడ్పడిన వాటిలో మహబూబాబాద్ జిల్లా మల్యాలలోని ఉద్యాన పరిశోధన స్థానం ఒకటి. వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి జిల్లాల్లో దాదాపు 6,700 ఎకరాల్లో, 20 వేల పైచిలుకు రైతులు, ఏడాదికి 11 వేల టన్నులకు కొంచెం తక్కువగా దీన్ని పండిస్తున్నారని అప్పుడు వెలువడిన లెక్క. సగటు తీస్తే రైతుకు 13 గుంటలు, అయిదు క్వింటాళ్ల పైచిలుకు. ఆ సగటును గుర్తుంచుకోవాలి. విధానం ఏదైనా ఈ అయిదు క్వింటాళ్ల మనిషికి పనికొస్తుందా అన్నదే దానికి పరీక్ష.

కొలత ఖరీదు ఎంత?

ఆస్టా కొలవడం పెద్ద మాయేమీ కాదు. మెత్తగా పట్టిన మిర్చిపొడి గ్రాములో పదో వంతు తూచి, 100 మిల్లీలీటర్ల గాజు కుప్పెలో వేసి, గీత దాకా అసిటోన్ పోస్తారు. మూత బిగించి కుదిపి చీకట్లో 16 గంటలు ఉంచుతారు. పొడి అడుగుకు దిగి, పైన ద్రవం నారింజ ఎరుపుకు తిరుగుతుంది. అందులో కొంచెం తీసి స్పెక్ట్రోఫోటోమీటర్‌లో పెట్టి, 460 నానోమీటర్ల కాంతిని ఎంత పీల్చుకుందో చూస్తారు. పరికరం 0.76 అని చూపిస్తే దాన్ని 16.4తో గుణించి 0.1తో భాగించాలి. సుమారు 125 వస్తుంది. పరికరానికి సొంతంగా ఒక చిన్న సవరణ అంకె ఉంటుంది, అంతే. ఖర్చు కొన్ని లక్షల రూపాయల పరికరం, అసిటోన్, సున్నితమైన త్రాసు, రసాయన శాస్త్రం చదివిన ఇద్దరు యువతీ యువకులు. ఒక మార్కెట్ యార్డు స్థాయికి ఇది భారం కాదు.

సారాన్ని బట్టి ధర కట్టడం మనకు కొత్తా కాదు. పాల కేంద్రంలో వెన్న శాతం చూడకుండా డబ్బు ఇవ్వరు. చెరుకుకు 2025-26 సీజన్లో కేంద్రం నిర్ణయించిన ధర 10.25 శాతం రికవరీ దగ్గర క్వింటాకు 355 రూపాయలు, ఆపైన పెరిగే ప్రతి 0.1 శాతానికి 3.46 రూపాయలు అదనం. ఆయిల్ పామ్ గెలల ధర నూనె దిగుబడి శాతాన్ని బట్టి కడతారు. ఆ రంగానికి 1993లోనే ప్రత్యేక చట్టం వచ్చింది, ఏ మండలం గెలలు ఏ ఫ్యాక్టరీకి పోవాలో కూడా దాని కిందే నిర్ణయిస్తారు. నూనె దిగుబడి శాతం ఒక పాయింటు అటూ ఇటూ అయితే రైతు సంఘాలు రోడ్డెక్కుతాయి, ఎందుకంటే ఆ అంకె వాళ్లకు తెలుసు. మిర్చి రైతుకు ఇంతవరకు ఆ అంకె చేతికి రాలేదు.

అందుకే నా లెక్కలో మొదటి ప్రాధాన్యం ఇదే. ఏనుమాముల, ఖమ్మం, కేసముద్రం, మహబూబాబాద్ యార్డుల్లో రంగు, ఘాటు, తేమ కొలిచే ల్యాబులు పెట్టాలి, ఆ ఫలితాన్ని రైతు పేరుతో కాగితం మీద ఇవ్వాలి. ప్రభుత్వ రాయితీతో వచ్చే ఏ ఓలియోరెసిన్ ప్లాంటయినా ఆ కొలత ప్రకారమే కొనాలన్న షరతు రాయితీ ఉత్తర్వులోనే రాయాలి. అది రాయకుండా ప్లాంటుకు భూమి, కరెంటు, పెట్టుబడి రాయితీ ఇస్తే, ఆస్టా 125 కాయను ఆస్టా 60 ధరకు కొనుక్కునే వీలును కూడా కలిపి ఇచ్చినట్టే.

ఎండబెట్టినవాడికే నష్టం

పండు మిర్చిలో ముప్పాతిక భాగం నీరే. 100 కిలోలు ఏరితే అందులో గట్టి పదార్థం 25 కిలోలు. దాన్ని 10 శాతం తేమకు ఎండబెడితే 27.8 కిలోలు తూగుతుంది, 14 శాతం దగ్గర ఆపేస్తే 29.1 కిలోలు. తేమ కొలవని మార్కెట్లో క్వింటా 12,000 రూపాయలైతే, బాగా ఎండబెట్టిన రైతు క్వింటాకు సుమారు 550 రూపాయలు పోగొట్టుకుంటాడు. తేమతో తెచ్చిన సరుకు ఆ మేరకు నీళ్లను అమ్ముకుంటుంది. ఆ నీళ్లే తర్వాత బూజుకు దారి.

బూజు అంటే ఇక్కడ అఫ్లాటాక్సిన్. యూరప్‌లో మిర్చికి బీ1 రకం కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లాటాక్సిన్లు 10 మైక్రోగ్రాములు దాటకూడదు. పది టన్నుల లారీకి లెక్కేస్తే గ్రాములో పదో వంతు. నేల మీద పోసిన కల్లంలో ఒక రాత్రి వాన పడి, తడిసిన కాయలు అడుగున ఉండిపోతే చాలు, ఆ హద్దు దాటిపోవచ్చు. కాబట్టి పట్టాలు, సిమెంటు కల్లాలు, సోలార్ డ్రయ్యర్ల మీద పెట్టే డబ్బు ఎగుమతి పెట్టుబడే. ఊరికి ఉమ్మడి కల్లం ఇచ్చి, తేమ కొలిచే మీటరు ఉంచి, 10-11 శాతానికి వచ్చిన సరుకుకు పై ధర కట్టే కొనుగోలుదారుణ్ని కుదిర్చితే, ఎలా ఎండబెట్టాలో రైతుకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

మందు కూడా చిక్కబడుతుంది

ఈ సంగతి మన చర్చల్లో ఎప్పుడూ రాదు. 22 కిలోల మిర్చిని ఒక కిలోకు కుదించినప్పుడు రంగు ఒక్కటే చిక్కబడదు. నూనెలో కరిగే పురుగుమందు అవశేషాలు కూడా ద్రావకంతో పాటే వస్తాయి. కాయలో కిలోకు 0.1 మిల్లీగ్రాము ఉన్న మందు మొత్తం దిగితే, ఓలియోరెసిన్‌లో అది 2 మిల్లీగ్రాములు దాటుతుంది. కాయగా అమ్మితే పరీక్ష దాటే సరుకు, రంగుగా అమ్మితే వెనక్కి వస్తుంది.

తామర పురుగు దెబ్బ తిన్న రైతును 'మందు తగ్గించు' అని ఊరికే చెప్పడం అన్యాయం. 2021-22లో ఎన్ని మందులు కొట్టినా తోట నిలవక, అప్పుల పాలై ప్రాణాలు తీసుకున్న రైతులు మహబూబాబాద్ జిల్లాలో ఉన్నారు. ఆ భయంతోనే ఇప్పటికీ డబ్బా మీద డబ్బా కలిపి కొడతారు. దీనికి సలహా చాలదు, మనిషి కావాలి. మల్యాల కేంద్రం శాస్త్రవేత్తల మార్గదర్శనంలో సీజనంతా తోటల్లో తిరిగి, నీలి రంగు జిగురు అట్టల మీద పురుగును లెక్కపెట్టి, ఏ మందు ఎప్పుడు ఆపాలో చెప్పే క్షేత్ర సిబ్బందిని ప్రాసెసింగ్ విధానంలో భాగంగా చూడాలి. వాళ్ల జీతాలను వ్యవసాయ శాఖ ఖర్చుగా కాక పరిశ్రమ ఖర్చుగా రాయాలి, ఎందుకంటే ఆ పని లేకపోతే పరిశ్రమకు సరుకే లేదు.

మండలానికో ప్లాంటు వద్దు

హెక్సేన్ 69 డిగ్రీలకు మరుగుతుంది. దాని ఆవిరి గాలి కంటే మూడు రెట్లు బరువు, నేల వెంట పాకి ఎక్కడో ఉన్న నిప్పును అందుకోగలదు. నిల్వకు నాగ్‌పూర్ కేంద్రంగా ఉన్న పేలుడు పదార్థాల భద్రతా సంస్థ నియమాల ప్రకారం లైసెన్సు తీసుకోవాలి. మసాలా ఓలియోరెసిన్‌లో మిగిలే హెక్సేన్ 25 పీపీఎం దాటితే అమెరికా ఒప్పుకోదు. ఇది స్వయం సహాయక సంఘం షెడ్డులో నడిపే పని కాదు.

పైగా డబ్బు లెక్క. రోజుకు 20 టన్నులు ఆడించే ప్లాంటు ఏడాదికి 300 రోజులు నడవాలంటే 6,000 టన్నుల మిర్చి కావాలి. అంటే చపాటా పంటలో సగం కంటే ఎక్కువ ఒక్క ప్లాంటే తినేస్తుంది. ఒక్క రోజు మేతకు 36 మంది సగటు చపాటా రైతుల ఏడాది పంట పోతుంది. పంట వచ్చేది జనవరి నుంచి ఏప్రిల్ దాకా, ప్లాంటు నడవాల్సింది పన్నెండు నెలలు. 6,000 టన్నులు కిలో 120 చొప్పున 72 కోట్ల రూపాయలు. సీజన్లో కొని పెట్టుకుని ఏడాదంతా వాడితే సగటున 36 కోట్లు నిల్వలోనే ఉంటాయి. పది శాతం వడ్డీకి ఏటా 3.6 కోట్లు. ఈ రంగంలో యంత్రం కంటే ముందు మింగేది ఈ వర్కింగ్ క్యాపిటలే. పరిశ్రమ విధానాలు మాత్రం యంత్రానికే రాయితీ ఇస్తూ పోతాయి.

అందుకే ఓరుగల్లు ప్రాంతానికంతా ఒకటో రెండో మంచి ప్లాంట్లు చాలు. పెద్దవంగర, కొడకండ్ల, తొర్రూరు లాంటి మండలాలకు కావాల్సింది అంతకు ముందరి మెట్టు: ఎండబెట్టడం, తొడిమలు తీయడం, తాలు ఏరడం, తేమ చూసి బస్తా కట్టడం. తొడిమ తీసే పనిలో ఉండేది దాదాపు అంతా ఆడవాళ్లే, ఎండలో, కోరుతో, దగ్గుతూ. ఆ పనికి నీడ, గాలి పీల్చే పంకా, కిలో లెక్కన సరైన కూలీ ఉన్న షెడ్డు వస్తే అది ఊళ్లో నిలిచే పరిశ్రమ. పొడి కొట్టడం మాత్రం ఊళ్లో వద్దంటాను. పొడైన మిర్చి కాయ కంటే తొందరగా రంగు కోల్పోతుంది. 125 ఆస్టా 100కు దిగితే క్వింటాకు దాదాపు కిలో ఓలియోరెసిన్ పోయినట్టే.

ఈ మెట్టుకు ఉన్న పథకాలు బాగానే సరిపోతాయి. 2020లో పది వేల కోట్లతో వచ్చిన సూక్ష్మ ఆహార శుద్ధి పథకం ఒక్కో యూనిట్‌కు 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు ఇస్తుంది. ఉమ్మడి వసతులకు అదే శాతం చొప్పున 3 కోట్ల దాకా. వ్యవసాయ మౌలిక వసతుల నిధి కింద 2 కోట్ల దాకా అప్పుకు ఏడేళ్లు 3 శాతం వడ్డీ తగ్గింపు. రైతు ఉత్పత్తిదారుల సంస్థకు (ఎఫ్‌పీవో) సభ్యుడికి 2,000 చొప్పున 15 లక్షల దాకా వాటా నిధి. ఇవన్నీ షెడ్డుకు, కల్లానికి, మీటరుకు సరిపడే డబ్బులు. సరిపోనిది పంట కొనే డబ్బు. 15 లక్షల వాటా నిధితో ఒక ఎఫ్‌పీవో క్వింటా 12,000 చొప్పున 125 క్వింటాళ్లు కొనగలదు, సగటున పాతిక మంది రైతుల పంట కూడా కాదు. మిగతావాళ్లు అడ్తి దగ్గర తీసుకున్న అప్పుకు అదే అడ్తికి సరుకు వేస్తారు.

ఇక్కడే ల్యాబు కాగితం ఇంకో పని చేస్తుంది. ఆస్టా పరీక్షకు 16 గంటలు పడుతుంది, జెండా పాట పొద్దున్నే అయిపోతుంది. లారీ దిగిన రోజే ఫలితం అందదు కాబట్టి ఈ పరీక్ష బాగా కుదిరేది కోల్డ్ స్టోరేజీలోకి వెళ్లే సరుకుకు. గిడ్డంగుల నియంత్రణ చట్టం 2007లోనే వచ్చింది. దాని కింద నమోదైన గిడ్డంగి ఇచ్చే ఎలక్ట్రానిక్ రసీదు మీద బ్యాంకు అప్పు ఇవ్వవచ్చు. వరంగల్ చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీలు ఆ నమోదులోకి వచ్చి, రసీదు మీద బస్తాల సంఖ్యతో పాటు ఆస్టా, తేమ అంకెలు కూడా రాస్తే, బ్యాంకుకు తాకట్టు విలువ తెలుస్తుంది, ప్లాంటుకు కొనబోయే రంగు తెలుస్తుంది. అప్పుడు ఇరవై మంది రైతులు తమ అయిదేసి క్వింటాళ్లను ఒకే గ్రేడు కింద కలిపి నిల్వ చేసి, రసీదు మీద సీజన్ ఖర్చులకు డబ్బు తీసుకుని, జూన్‌లోనో ఆగస్టులోనో ప్లాంటుకు అవసరమైనప్పుడు అమ్ముకోవచ్చు. ప్లాంటు 72 కోట్ల సరుకును ఒక్కసారే కొని పెట్టుకునే బరువు కూడా తగ్గుతుంది. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. మార్కెటింగ్ శాఖ, ఉద్యాన శాఖ, పరిశ్రమల శాఖ కలిసి ఒక ఉత్తర్వు ఇవ్వాలి, జనవరిలో మొదటి ఏరుడు మొదలయ్యే లోపు నాలుగు యార్డుల్లో నాలుగు పరికరాలు పని మొదలుపెట్టాలి.